మధ్యలోని ఏడు ప్రతులు

లోకంలో ఆడవాళ్ళు మొగుళ్ళ మీద చెప్పుకునే ఫిర్యాదులు నేనూ చాలానే విన్నాను. ఒకావిడ భర్త తాగుతాడు. ఒకావిడ భర్త పేకాడతాడు. ఒకావిడ భర్త పళ్ళు తోముకుంటూ ఇల్లంతా తిరుగుతాడు. మా ఆయనకు ఇలాంటి దురలవాట్లేవీ లేవు. ఆయన దిద్దుతారు.

పొద్దున్నే పేపరు దిద్దుతారు. మందు సీసాతో వచ్చిన కాగితం దిద్దుతారు. నేను రాసిచ్చిన సరుకుల చీటీలో 'సబ్బు' అన్న మాట పక్కన 'ఏ సబ్బు? స్పష్టత లేదు' అని ఎర్రపెన్నుతో రాసి, సబ్బు లేకుండా ఇంటికొచ్చిన మనిషి. పెళ్ళయిన కొత్తలో పుట్టింటి నుంచి ఆయనకో ఉత్తరం రాశాను, ఉన్న సిగ్గంతా పక్కనబెట్టి, రెండు పేజీలు. వారానికల్లా ఆ ఉత్తరమే తిరిగొచ్చింది. అడుగున ఎర్రసిరాతో, 'భావం బాగుంది. రెండో పేజీ అనవసరం.'

ఆయన్ని అనీ లాభం లేదు. జీతమిచ్చి మరీ చేయించే పని అదే. సాంకేతిక విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసే పిల్లలకు ఇంగ్లీషులో థీసిస్ రాయడం నేర్పుతారు. యంత్రాలు, సిమెంటు, కరెంటు అన్నీ తెలిసిన పిల్లలే. తెలిసింది ఇంకొకరికి తెలిసేలా రాయమంటే మాత్రం నీళ్ళు నములుతారు. మాస్టారు సంతకం పెడితేగానీ ఏ థీసిసూ గడప దాటదు.

ఆ సంతకం దగ్గరే వచ్చిపడింది తంటా. ఇవాళ్టికి మా ఇంట్లో ఆయనకూ నాకూ మాటల్లేక మూడు రోజులు.

మధ్యలో టపా మోస్తున్నది మా అత్తగారు. ఆవిడకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవి ఆవిడ ఇష్టం.

"అత్తయ్యా, కాఫీ కావాలేమో మీ అబ్బాయిని కనుక్కోండి," అన్నాను, ఆ అబ్బాయికి మూడడుగుల దూరంలో నిలబడి.

"కాఫీ కావాలా అంటోందిరా."

"అక్కర్లేదని చెప్పమ్మా."

"కావాలటే," అన్నారు అత్తగారు నావైపు తిరిగి.

కాఫీ పెట్టి బల్లమీద టక్కుమని చప్పుడయ్యేలా పెట్టాను. అక్కర్లేని కాఫీని ఆయన అడుగంటా తాగి, ముందుగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

గొడవంతా పైపులమ్మాయి గురించి. ఆ పేరు అత్తగారు పెట్టింది. నేల కింద నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో తవ్వకుండా, చప్పుడు విని కనిపెట్టడం ఆ పిల్ల చదువు. నాలుగేళ్ళుగా రోడ్ల మీద చెవి ఆనించి బతుకుతోంది. జనవరిలో ఆమె ఇచ్చిన మొదటి అధ్యాయం మాస్టారి చేతిలో రక్తం కారుతూ వెనక్కి వెళ్ళింది. పోయిన వారం అదే అధ్యాయం మళ్ళీ ఇచ్చింది. దాన్ని ఆయన ఒకసారి చదివారు, రెండుసార్లు చదివారు. మూడోసారి నన్ను పిలిచి పైకి చదివి వినిపించారు.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని నా మాటల్లో చెబితే ఇంతే. స్టీలు గిన్నెను గరిటెతో కొడితే వీధి చివరిదాకా మోగుతుంది. ప్లాస్టిక్ బకెట్టును కొడితే కొట్టినవాళ్ళకు తప్ప ఎవరికీ వినపడదు. మనం నేలకింద ఇనప పైపులు తీసేసి ప్లాస్టిక్ పైపులు వేశాం. వినే పద్ధతి మాత్రం మార్చలేదు.

"ఇలా మొదలుపెట్టడం ఎంత కష్టమో నీకు తెలియదు," అన్నారు. "ముప్పై ఏళ్ళు కలం పట్టినవాడు రాయాలి ఇది. జనవరిలో నాలుగు ముక్కలు కూర్చలేని పిల్ల జూన్‌లో ఇది రాసిందంటే నేను నమ్మాలా? ఎవరిచేతనో రాయించుకుంది."

మర్నాడే, ఇలాంటివి విచారించే విశ్వవిద్యాలయం కమిటీకి నివేదిక రాశారు. పంపొద్దన్నాను. "నీకేం తెలుసు?" అన్నారు.

తెలిసిందంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్లకు వేసిన ఒట్టు అడ్డుపడింది. నివేదిక వెళ్ళిపోయింది. ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకు కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు మాస్టారి మాటే నిజమంటే ఆ పిల్ల పేరు కొట్టేస్తారు. నాలుగేళ్ళు కాలవలో పోసినట్టే.

నాకేం తెలుసా? నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఆ స్టీలు గిన్నె నాది.

*

పది గంటలవేళ పెరటి తలుపు మీద గోటితో గీరినట్టు చప్పుడైంది. తీస్తే పైపులమ్మాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇక్కడ దాచిన నా కాగితాలు తీసుకెళ్దామని వచ్చానాంటీ."

"ముందు లోపలికి రా."

"వద్దు. సార్ ఉన్నారుగా."

"ఉంటే ముందుగదిలో ఉన్నారు. ఆ గదికీ ఈ వంటింటికీ మూడు రోజులుగా రాకపోకలు లేవు. రా, కూర్చో."

కూర్చుంది, తన స్టూలు మీదే. ముందున్న బఠానీల పళ్ళెం అలవాటుగా ఒళ్ళోకి లాక్కుంది. ఫిబ్రవరి నుంచీ మంగళ, గురువారాలు ఆ పిల్ల బఠానీలు ఒలుస్తూ పైపుల గురించి చెబుతుంటే నేను వింటూ వచ్చాను. మాస్టారికి మధ్యాహ్నం క్లాసులుండే రోజులవి.

"కమిటీకి ఏం కట్టుకెళ్తున్నావ్? ఇస్త్రీ చెయ్యనా?" అన్నాను, వాతావరణం తేలికపడుతుందేమోనని.

"నేను వెళ్ళట్లేదాంటీ. రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుంటానని ఉత్తరం రాసేశాను. ఆఫీసులో పడేసి సాయంత్రం బండికి మా ఊరెళ్ళిపోతా."

నా చేతిలో చాకు ఆగింది.

"ఏం, కమిటీ దాకా నడవడానికి కాళ్ళు పడిపోయాయా?"

"వెళ్ళి ఏం చెప్పను? ఎక్కడ రాశావంటారు. సార్ వాళ్ళ వంటింట్లో అనాలి. అయితే సార్ భార్య రాసిచ్చిందంటారు. నాతోపాటు మీ పేరూ పోతుంది. సార్ పేరూ పోతుంది."

"నా పేరా? గ్యాస్ బుక్కు మీద తప్ప నా పేరు ఎక్కడుందే, పోవడానికి?"

మామూలు రోజైతే నవ్వేది.

"ఈ నాలుగు నెలల్లో నీకు నేను ఒక్క ఇంగ్లీషు ముక్క చెప్పానా?"

"లేదు. 'అర్థం కాలేదు' అన్నారు. రోజూ అదే."

"మరింకేం! అదే చెప్పు కమిటీకి."

"ఒకావిడ 'అర్థం కాలేదు' అని కూర్చుంటే నేను తొమ్మిదిసార్లు తిరగరాశానని చెబితే ఎవరు నమ్ముతారాంటీ?"

నిజమే. నాకే నమ్మబుద్ధి కాదు. అసలు ఆ పిల్ల మొదటిసారి వచ్చింది మాస్టారి కోసం. ఆయన లేరు. వాన. కూర్చోబెట్టి ఏం చదువుతున్నావంటే గంటసేపు ఏదో చెప్పింది. మర్యాదకు తలాడించకుండా అర్థం కాలేదన్నాను. అంతే నా పాపం. తిరగరాసుకొచ్చి మళ్ళీ చెప్పింది. మళ్ళీ అన్నాను. నాలుగోసారికి విసుగెత్తి, పొయ్యి మీది గరిటె లాక్కుని నా గిన్నె మీద ఒక్కటేసి, బకెట్టు మీద ఒక్కటేసి, "ఇదీ! ఇప్పుడైనా అర్థమైందా?" అని అరిచింది. అయింది. అప్పటికప్పుడు ఆ స్టూలు మీదే కూర్చుని రాసుకుంది.

"సార్‌తో నేను చెబుతాను," అన్నాను.

"ఒట్టు వేశారు మీరు."

వేశాను. ఎందుకు వేశానో కూడా నిజం చెప్పాలి. ఆ పిల్ల బతిమాలింది కనకే కాదు. ఇరవై రెండేళ్ళలో ఈ ఇంట్లో ఆయన దిద్దనిది నాకంటూ ఒకటి దొరికింది. దాచుకోవాలనిపించింది. ఆ దాపరికానికి ఇవాళ ఆ పిల్ల మూల్యం చెల్లిస్తోంది.

అప్పుడే అత్తగారు గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చారు. ఆవిడను చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. ఒట్టు వేసింది నేను. అత్తగారు వెయ్యలేదు. మూడు రోజులుగా ఆ సంగతి తట్టనందుకు నన్ను నేనే మొట్టుకోవాలనిపించింది.

"అత్తయ్యా," అన్నాను, గొంతు పెంచకుండానే. "దిండు ఎత్తుగా ఉంది, మెడ పట్టేసిందన్నారు కదూ నిన్న?"

"అన్నాను."

"దాని కిందేమైనా ఉందేమో. తీసి ఎవరికివ్వాలో వాళ్ళకిస్తే సరి."

కుడి చెవి ఆ క్షణంలో బ్రహ్మాండంగా పనిచేసింది. ఆవిడ నన్ను చూశారు, పిల్లను చూశారు. ఒక్క మాట అడగకుండా వెనక్కి తిరిగారు.

"మామ్మగారూ! వద్దు మామ్మగారూ!" అంది పిల్ల పళ్ళెం పడేసి.

"ఎడమవైపు నుంచి పిలుస్తున్నావమ్మా," అన్నాను. "లాభం లేదు."

బఠానీలు వంటిల్లంతా దొర్లాయి. ముందుగది తలుపు తెరుచుకున్న చప్పుడు, తర్వాత అత్తగారి గొంతు వినపడ్డాయి.

"ఒరేయ్, ఇవి దిద్దు."

*

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి చేతిలో ఏడు కట్టలు. ఒకదాని మీద కాఫీ గ్లాసు గుండ్రంగా ముద్ర కొట్టింది. ఇంకోదానికి బఠానీ తొక్క ఎండి అంటుకుంది. ఒకదాని వెనకవైపు అత్తగారి కంటిచుక్కల వేళలు నా దస్తూరీలో ఉన్నాయి.

"ఏమిటివి?" అన్నారు. మూడు రోజుల్లో నాతో నేరుగా అన్న మొదటి మాట.

"మీ అమ్మగారి దిండు."

"నేను నిన్ను అడుగుతున్నాను."

"మూడు రోజుల తర్వాత అడుగుతున్నారు."

అప్పుడు చూశారు స్టూలు వెనక నక్కినట్టు నిలబడ్డ పిల్లను. ఆయన మొహంలో రంగులు మారాయి.

"ఎన్నాళ్ళుగా జరుగుతోందిది?"

"ఫిబ్రవరి నుంచి."

"నా ఇంట్లో, నా వెనకాల..."

"వెనకాల కాదు. వంటింట్లో. మంచినీళ్ళకు తప్ప మీరిటు రారు కనక అది మీకు వెనకాల అనిపిస్తోంది."

"హాస్యాలొద్దు! నేను కమిటీకి సంతకం పెట్టి రాసిచ్చాను. ఎవరిచేతనో రాయించుకుందని రాశాను. ఆ ఎవరో నా పెళ్ళామేనని మూడింటికి తేలితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పెళ్ళాం రాయలేదు. ఆ దస్తూరీ చూడండి. కొట్టివేతలు చూడండి. ఎర్రసిరా ఒక్కచోటైనా ఉందా? ఈ ఇంట్లో దిద్దేది మీరొక్కరే."

"మరి నువ్వేం చేశావు?"

"విన్నాను."

ఆ జవాబుకు పక్కన ఏం రాయాలో ఆయనకు తోచలేదనుకుంటాను. పిల్ల వైపు తిరిగారు.

"నువ్వు చెప్పమ్మా. వారం వారం తెచ్చి చూపించమని క్లాసులో ఎన్నిసార్లు చెప్పాను? నా గది తలుపు తెరిచే ఉంటుందని చెప్పానా లేదా? మొదటిది చూపించావు. చివరిది చూపించావు. మధ్యలో ఈ ఏడూ మా అమ్మ దిండు కిందెందుకున్నాయి? ఇవి చూసి ఉంటే ఆ నివేదిక రాసేవాణ్ణేనా?"

పిల్ల నేలమీది బఠానీల వైపు చూస్తోంది.

"చెప్పవే," అన్నాను.

"మీరు నీళ్ళు తాగారు సార్," అంది.

"ఏం నీళ్ళు?"

"జనవరిలో. నా కాగితం అందరిముందూ చదివారు. పదకొండు వరుసల వాక్యం ఉందని, ఊపిరి తీసుకోకుండా చదివి చూపిస్తానన్నారు. సగంలో గుండె పట్టుకుని ఆగారు. సీసా తీసి నీళ్ళు తాగారు. మూత పెట్టి మళ్ళీ చదివారు. మళ్ళీ తాగారు. పదమూడుమందీ బల్లలు చరుస్తూ నవ్వారు సార్."

ఆయనకు గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. ఆ కాస్త సమయమే నాకు ఒళ్ళు మండించింది.

"అది... అది ఊరికే సరదాకి. ఏటా ఎవరో ఒకరి వాక్యం అలా చదువుతాను. వాక్యం పొడుగైతే ఎంత కష్టమో తెలియడానికి. పిల్లలకు గుర్తుండిపోతుందని."

"ఉండిపోయింది సార్," అంది పిల్ల.

వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. ఎవరూ కట్టెయ్యలేదు.

"తర్వాత మీ గది దాకా రెండుసార్లు వచ్చాను. తలుపు తెరిచే ఉంది. బల్లమీద ఆ నీళ్ళ సీసా కనపడింది. వెనక్కెళ్ళిపోయాను."

ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండో ప్రతి తెరిచారు. తర్వాత మూడోది. నాలుగో ప్రతిలో మొట్టమొదటిసారి నా గిన్నె వస్తుంది, అంచున చిన్న బొమ్మ కూడా. అయిదోదాంట్లో గిన్నె ఒక పేజీ మొత్తం ఆక్రమించుకుంటుంది. ఆరోదాంట్లో ఆ పిల్లే దాన్ని కొట్టేసి, ఏడోదాంట్లో రెండు వరుసలకు కుదించి, పక్కన బకెట్టు పెట్టింది. ఒక మాట కొట్టేసిన చోటల్లా ఆయన వేలు ఆగింది. అలవాటుగా ఎర్రపెన్ను తీశారు. మూత తియ్యలేదు. ఎనిమిదో ప్రతికి వచ్చేసరికి పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది.

నేనూ పిల్లా నేలమీద కూర్చుని బఠానీలు ఏరాం. అత్తగారు కుర్చీ లాక్కుని కొడుకు ఎదురుగా కూర్చుని, పరీక్ష హాల్లో కాపలాకు కూర్చున్నట్టు చూస్తున్నారు.

పన్నెండైంది. ఆయన తలెత్తారు.

"కమిటీకి ఉత్తరం రాస్తాను," అన్నారు గోడతో.

రాశారు. రాసి పైకి చదివారు. ఆయన రాసింది ఇంగ్లీషులో, మాకోసం తెలుగులో చెప్పారు. "'కొత్తగా దృష్టికి వచ్చిన కొన్ని ప్రతుల నేపథ్యంలో, మునుపటి నివేదికలో వ్యక్తమైన అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసిన అవసరం ఉన్నట్లు భావించడమైనది.'"

"అర్థం కాలేదు," అన్నాను.

పిల్ల గభాలున తల దించుకుంది.

ఆయన నావైపు ఎర్రగా చూసి, కొట్టేసి, మళ్ళీ రాశారు. "'సదరు నివేదికలో కొంత తొందరపాటు చోటుచేసుకుని ఉండవచ్చు.'"

"ఎక్కడ చోటుచేసుకుంది? ఎవరింట్లో? అర్థం కాలేదు."

"'సమాచార లోపం వల్ల...'"

"ఎవరి లోపం? అర్థం కాలేదు."

"ఏం రాయమంటావు మరి!" అని బల్ల చరిచారు. గ్లాసు ఎగిరిపడింది. "ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను ఇలాంటి ఉత్తరాలు! ఆఫీసు ఉత్తరం ఇలాగే ఉంటుంది!"

"క్లాసులో పిల్లలకు చెబుతారుగా, ఏం జరిగిందో అది రాయమని."

పిల్ల లేచింది. ఏడు కట్టలూ తీసుకుని సంచీలో పెట్టుకుంది.

"కమిటీకి మీకు తోచింది రాయండి సార్. పెద్దవాళ్ళు, వాళ్ళకి అర్థమవుతుంది. కానీ మన క్లాసులో పదమూడుమంది ఉన్నారు. మూడు రోజులుగా నన్ను చూసి 'ఎంతకు రాయించావ్' అంటున్నారు. వాళ్ళకి ఆ ఉత్తరం ఎవరు చదివి వినిపిస్తారు?"

"అమ్మా, క్లాసులో నేను..."

"రెండింటికి క్లాసుంది కదా సార్. నేను రాను. ఆఫీసులో నా ఉత్తరం ఇచ్చేసి వెళ్ళిపోతాను. వస్తానాంటీ. వస్తాను మామ్మగారూ."

పెరటి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

అన్నం వడ్డిస్తే ఆయన కదపలేదు. ఒంటిగంటన్నరకు లేచి చొక్కా మార్చుకున్నారు. కమిటీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. దాని మీద ఇంకా సంతకం లేదు.

"విద్యార్థుల ముందు మాస్టారు..." అని మొదలుపెట్టి ఆపేశారు. "నీకు తెలియదు. ఒకసారి లోకువైతే ఇంక పాఠం చెప్పలేం."

ఆయన గుమ్మం దాటాక అత్తగారు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"ఎక్కడికత్తయ్యా?"

"వాడు పాఠం చెప్పడం నేనెప్పుడూ చూళ్ళేదే," అన్నారావిడ. "ఆ నీళ్ళ సీసా తీసుకో. ఎండ."

*

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు మొదటిసారి ఆయన తరగతి గదిలోకి అడుగుపెట్టాను. రెండో అంతస్తు, పొడుగాటి బల్లలు, గోడ గడియారం రెండు దాటి అయిదు నిమిషాలు. పదమూడుమంది. కిటికీ పక్కన ముందు కుర్చీ ఖాళీ. దాని పక్క కుర్చీ అబ్బాయి ఖాళీ చోట తన సంచీ పెట్టుకున్నాడు, ఇక ఎవరూ రారన్నట్టు.

వెనక బల్ల మీద అత్తగారినీ సీసానూ సర్దాను. మాస్టారు మమ్మల్ని చూశారు. చాక్‌పీసు చేతిలోంచి జారింది. తీసుకున్నారు.

"పాఠానికి ముందు ఒక చిన్న విషయం," అన్నారు.

ఇరవై ఆరు కళ్ళు లేచాయి.

ఆయన గొంతు సవరించుకున్నారు. మొదలుపెట్టారు. మన తరగతిలోని ఒక విద్యార్థిని రచన విషయంలో, ఇటీవల తలెత్తిన కొన్ని సందేహాల దృష్ట్యా, అందుబాటులో ఉన్న సమాచారాన్ని బట్టి, నిబంధనలకు లోబడి తీసుకున్న ఒక చర్య, ఆ తర్వాత వెలుగులోకి వచ్చిన పరిస్థితులను గమనించినప్పుడు, అంత సమంజసం కాకపోయి ఉండవచ్చునేమోనన్న అభిప్రాయానికి అవకాశం కలిగించేదిగా ఉన్నదని, అయితే ఇందులో ఎవరి ఉద్దేశాన్నీ...

వాక్యం సాగుతోంది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆయన మొహం కందిపోయింది. ఊపిరి అందడం లేదు, వాక్యం ముగియడం లేదు.

తలుపు దగ్గర నీడ కదిలింది. చూశాను. పైపులమ్మాయి. గదిలోకి రాలేదు, గడప అవతలే నిలబడింది. భుజాన సంచీ, చేతిలో తెల్ల కవరు. కవరు ఇంకా చేతిలోనే ఉంది. ఆఫీసు కిందంతస్తులోనే కదా, దాన్ని దాటి పైకి ఎందుకొచ్చిందో నేను అడగలేదు, తర్వాతా అడగలేదు.

"...ఎవరి ఉద్దేశాన్నీ శంకించే ప్రసక్తి లేకపోయినప్పటికీ..."

"ఒరేయ్ నాయనా!" అన్నారు అత్తగారు వెనక బల్ల నుంచి, తనకు వినపడేంత గట్టిగా. లేచి నిలబడి సీసా ముందుకు చాపారు. "ఊపిరి తీసుకోరా. ఇంద, కాసిని నీళ్ళు తాగు!"

పదమూడుమందీ బల్లలు చరుస్తూ నవ్వారు.

ఆవిడ కావాలనే అన్నారో, కొడుకు మొహం చూసి తల్లి గుండె అనిపించిందో, నాకిప్పటికీ తెలియదు. అడిగితే ఎడమ చెవి చూపిస్తారు.

సీసా చేతులు మారుతూ ముందుకు వెళ్ళింది. ముందు బల్ల అబ్బాయి నవ్వు ఆపుకుంటూ మాస్టారికి అందించాడు. ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డారు. తాగలేదు. నవ్వు ఆగేదాకా అందరి మొహాలూ చూశారు. తలుపు దగ్గరి మొహం నవ్వడం లేదు. ఆయన చూపు అక్కడికి వచ్చి ఆగింది.

నేను లేచాను. చెయ్యి ఎత్తాను, తరగతిలో ఎత్తినట్టే.

"సార్," అన్నాను. "అర్థం కాలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

గడియారం రెండుంపావు చూపిస్తోంది. మూడింటికి కమిటీ. జేబులో సంతకం లేని ఉత్తరం ఆయనకు, చేతిలో తెల్ల కవరు ఆ పిల్లకు. ఆయన సీసాను బల్లమీద పెట్టి మూత బిగించారు. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చారు. కిటికీ పక్క కుర్చీలో ఉన్న సంచీని తీసి దాని సొంతదారు ఒళ్ళో పెట్టారు.

"ఆ అధ్యాయం ఈ అమ్మాయే రాసింది," అన్నారు. "తొమ్మిదిసార్లు రాసింది. ఏడు నేను చూడలేదు. చూపించలేకపోయింది, ఎందుకంటే జనవరిలో ఇక్కడ నిలబడి మీ అందరిచేతా ఆమెను చూసి నవ్వించింది నేను. రాయించుకుందని కమిటీకి రాసిందీ నేనే. అడగకుండా రాశాను."

"గట్టిగా చెప్పరా," అన్నారు అత్తగారు. "వినపడలేదు."

ఆయన తలుపు వైపే చూస్తూ, వరండా చివరిదాకా వినపడేలా అన్నారు.

"నేను తప్పు చేశాను."